బిడ్డను ఆర్మీకి అప్పజెప్పిన ముచ్చట

— ఆంటీ, మీ ఇంట్ల నేనుంటున్న రూంల గోడకు సింధు అక్క ఫోటో ఉంది గద, ఆర్మీ డ్రెస్సుల. ఒక్కతే బిడ్డ. అంకుల్, మీరు ఎట్ల ఒప్పుకున్నరు ఆంటీ?

ఒప్పుకునుడా... అది ఒక్క మాటల ఒడిసే ముచ్చట గాదు అఖిలా. కూసో. ఏంది, ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో, నీ యూనివర్సిటీ పనికి అక్కరొస్తదంటే నాకేంది. నేను ఈ మెంతికూర తెంపుకుంట చెప్త. చూడు, ఇంత కట్ట మూడు డాలర్లు. మా జగిత్యాల సంతల పావలాకు రెండు కట్టలిచ్చి, మీదికెంచి నాలుగు కొత్తిమీర రెమ్మలు సంచిల ఏసేటోళ్లు. ఇగ నా మాటలు గిట్లనే అటిటు పోతయి, నువ్వే సదురుకోవాలె.

మాది జగిత్యాల దిక్కు, మీ రాజేశం అంకుల్‌ది గూడ అటే. నేను కరీంనగర్ల నర్సు చదివి, కొన్నేండ్లు సౌదీల చేసి, ఆడికెంచి బ్రిస్బేన్ దిక్కు ఈ టూవూంబా దవాఖానకొచ్చిన. మీ అంకుల్‌కు యూనిల ఏసీలు, కరెంటు చూసే పని దొరికింది. పెండ్లయిన చానేండ్లకు, ఇగ పిల్లలు లేరనుకున్నంక, ఇక్కడ పుట్టింది సింధు. అందుకే మాకు ఆ పిల్ల అంటే... నీకు చెప్పేదేముంది.

పిల్లకు చిన్నప్పుడు ఆయాసముండె. ఆస్త్మా. ఇక్కడ చలికాలం పడమటి గాలి ఎట్ల కొడ్తదో నువ్వు చూస్తనే ఉన్నవు గద, కొండ మీద ఊరాయె. ఆ గాలి లేసిందంటే నా బిడ్డకు పిల్లికూతలు మొదలయ్యేటియి. పఫర్, గదే నోట్ల కొట్టుకునే మందు, లేకుంట బడికి పంపింది లేదు. నేను దవాఖానల పదిమందికి ఆక్సిజన్ పెట్టేదాన్నే, ఇంట్ల నా పిల్ల ఛాతి ఎగిరెగిరి పడ్తుంటే ఏం చెయ్యాల్నో నాకే తోచకపోయేది. హైస్కూలుకు పోయినంక మెల్లమెల్లగ తగ్గింది. ఆఖరికి పఫర్ యాడ పెట్టినమో గూడ మరిచిపోయినం.

ఇంకోటి చెప్పాలె. ఇక్కడికెంచి ఓకీ ఊరు దగ్గరనే గద. ఆడ ఆర్మీ హెలికాప్టర్లుంటయి. అవి మా ఇంటి మీదికెంచి పోతుంటే చిన్నప్పుడు ఉరికి బయటికొచ్చేది. అందరు పిల్లలు చూస్తరు, టాటా చెప్తరు. ఇది టాటా చెప్పకపోయేది. ‘డాడ్, దాని లోపల ఏముంటది?’ అని అడిగేది. మీ అంకుల్ ఇంటికి పాత ఫ్యాను తెచ్చి విప్పి చూపెట్టేటోడు. ఫ్యాను వేరు, హెలికాప్టర్ వేరు, కని ఆయనకు తెలిసింది అదే.

ఇయర్ ట్వెల్వ్ ఒడిసినంక ఒకనాడు, అన్నం తింటున్నం, పప్పుచారు చేసిన. ‘ఐ వాంట్ టు జాయిన్ ది ఆర్మీ’ అన్నది. నాకు సమఝ్ గాలె. నవ్విన. ‘మమ్, ఐ యామ్ సీరియస్. హెలికాప్టర్లు రిపేర్ చేసుడు నేర్పిస్తరు. ఇట్స్ ఎ ట్రేడ్’ అన్నది, అంటే చేతిపని అని.

మీ అంకుల్ ముద్ద కంచంల పెట్టిండు. ‘ట్రేడ్ అనే మా తమ్మునికి సుత చెప్పిన్రు’ అన్నడు. లేసి చెయ్యి కడుక్కున్నడు.

ఆ తమ్ముని ముచ్చట చెప్పకుంటే నీకు ఇది అర్థం గాదు. మా మరిది, తిరుపతి. మా దిక్కు ఇంటికొకడు దుబాయ్ పోతడు గద, ఈయన గూడ బయలెల్లిండు. సూపర్‌మార్కెట్ల కరెంటు పని, ఏసీల నిలవడుడే అని చెప్పిండు ఏజెంటు. మీ అంకుల్ తమ్మున్ని ఎంబడి తీస్కపోయిండు ఆ ఆఫీసుకు. ఏజెంటు మంచిగ కూసోబెట్టిండు, చాయ్ తాపిచ్చిండు. ‘కరెంటు పని వస్తదా అని అడిగితే వస్తదని చెప్పు, చదువు అడిగితే పది అయిందని చెప్పు, మిగతాది నేను చూసుకుంట’ అన్నడట. ఆడికి పోయినంక సూపర్‌మార్కెట్ లేదు, ఏం లేదు. ఎడారిల మేకలు కాసిండు. మనిషి తిరిగొచ్చిండు, రాలేదని గాదు. కని మాట తక్కువైపోయింది. ఇప్పటికీ ఫోన్ల ‘ఆ వదినె, మంచిదే వదినె’ అంటడు, గంతే.

అందుకని మనుషులను తీస్కపోయేటోళ్లెవ్వరైనా మీ అంకుల్ కండ్లకు ఆ ఏజెంటే. పిల్ల చెప్పింది, ఆర్మీల చేర్పిచ్చే మేడం ఒకామె ఉన్నది, ఫోన్ల మాట్లాడిన, అమ్మానాయినలను తోల్కరమ్మన్నది అని. ‘ఏజెంటు గూడ తోల్కరమ్మనే అన్నడు’ అన్నడీయన.

ఇంట్ల ఇగ మాటలు బంద్. నేను ఇద్దరి నడుమ పోస్ట్‌మ్యాన్ లెక్క. మా ఆడిబిడ్డ కరీంనగర్ నుంచి ఫోన్ చేసి, ‘ఆర్మీ పిల్లను ఎవడు చేసుకుంటడు వదినె’ అని ఒకటే పోరు. నేనన్న, ‘ముందుగాల పిల్లనే నాతోని మాట్లాడ్తలేదు, నువ్వు పెండ్లి దాక పోతున్నవు’ అని. ఆఖరికి మీ అంకులే అన్నడు, పోదాం, మొఖం ఎదురుంగ కూసొని అడుగుదాం అని. నేను మెత్తవడ్డడనుకున్న. ఆయన మనసుల వేరే ఉండె.

బ్రిస్బేన్ పోవాలె. పొద్దుగాల బయలెల్లినం. కొండ దిగుతుంటే మంచు, ముందల బండి గూడ కనవడ్తలేదు. సగం దారిల పిల్ల ఎనక సీట్లకెంచి మెల్లగ అన్నది, ‘మమ్, పఫర్ గురించి అడిగితే ఏం చెప్పకు. చానా రోజులైంది గద, ఇట్ డజన్ట్ మ్యాటర్’ అని. దవాఖానల రోగులు గట్ల దాస్తే మేము ఎంత తిప్పలువడ్తమో నాకు తెలుసు. మరి ఇటు చూస్తే పిల్ల మొఖం. మీ అంకుల్ రోడ్డు దిక్కే చూస్తున్నడు, కని చెవులు ఎనకనే ఉన్నయి.

ఆ మేడం పేరు కెర్రీ. నలభై దాటినట్టుంటది, మొఖం నిండ మచ్చలు, వెంట్రుకలు ఎనకకు గట్టిగ ముడేసింది. చాయ్, గీయ్ అనలేదు, మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ముందుగాల పిల్లతోని గాదు, మాతోనే మాట్లాడింది. మేము యాడోళ్లం, ఏం పని చేస్తం, పిల్ల ఇంట్ల ఏం చేస్తది, గివి అడిగింది. నేను ముందుగాల తిండి గురించే అడిగిన, నవ్వకు. అన్నం దొరుకుతదా అని. ‘దొరుకుతది, కని మీ అంత మంచిగ వండరు’ అన్నది.

అప్పుడు మీ అంకుల్ అడిగిండు. ఆయన ఇంగ్లీషు నీకు తెలుసు గద, తక్కువ మాటలు. ‘యుద్ధం అయితే నా బిడ్డను పంపుతరా?’

నేను అనుకున్న, ఇగ ఈమె ఏదో తీపి మాట చెప్తదని. లే లే, హెలికాప్టర్లు రిపేర్ చేసేటోళ్లను ఎనకనే ఉంచుతరు, ఫికరు వద్దు, గట్లాంటిది. ఆమె చెయ్యి టేబుల్ మీద పెట్టి, ‘పంపొచ్చు. పంపరని నేను మాటియ్యలేను. సంతకం చేసినంక ఎటు పొమ్మంటే అటు పోవాలె. అది ఇష్టం లేకుంటే ఇప్పుడే ఆగుడు మంచిది’ అన్నది. సింధు దిక్కు తిరిగి, ‘నువ్వు ఇన్నవు గద?’ అన్నది. పిల్ల ‘ఇన్న’ అన్నది.

మీ అంకుల్ నీళ్లు తాగిండు. ఇగ అప్పుడు అన్నడు. ‘మా పిల్లకు ఆస్త్మా ఉండె. చిన్నప్పుడు చానా ఉండె.’

పిల్ల తండ్రి దిక్కు చూసిన చూపు నేను ఇప్పటికీ మరువలె. కండ్లల్ల నీళ్లు కారలె, ఊరికె మెరిసినయి. నాకు అప్పుడు తెలిసింది ఆయన ఎందుకు వచ్చిండో. ఇది చెప్తే ఆళ్లే వద్దంటరు, తాను కాదన్న పేరు రాకుంట పనైపోతదని వచ్చిండు.

కెర్రీ సింధును అడిగింది, మెల్లగనే అడిగింది. ‘నువ్వు చెప్దామనుకున్నవా?’ పిల్ల టేబుల్ దిక్కు చూసుకుంట కూసున్నది. అప్పుడామె ఏమన్నదంటే... ఇంగ్లీషుల అన్నది గని నాకు తెలుగులనే యాదికున్నది. ‘నువ్వు మూట ఎత్తుకొని కొండెక్కుతున్నప్పుడు ఊపిరి అందకపోతే, పక్కనున్న పిల్లలకు ఏం చెయ్యాల్నో తెల్వదు. అటెన్క తెలిస్తే అబద్ధమాడినవని ఇంటికి పంపుతరు. ఇప్పుడు చెప్తే పరీక్ష చేస్తరు. ఆలస్యమైతది. డాక్టర్లు వద్దు గూడ అనొచ్చు, నేను హామీ ఇయ్యను. కని ఇది చెప్పే పోవాలె’ అన్నది.

మీ అంకుల్ ఊకోలె. ‘ఆర్మీకి మనుషులు కావాలని టీవీల రోజు చెప్తున్నరు. మరి ఎందుకు అడ్డం చెప్తున్నవు, దాసిపెట్టమని చెప్పొచ్చు గద?’ అన్నడు. గట్లనే అడిగిండు, నాకు సిగ్గయింది. ఆమెకు కోపం రాలె. ‘కావాలె. కని నాకూ ఇంట్ల కొడుకున్నడు, టెన్త్ చదువుతున్నడు. నా కొడుకుకు చెప్పనిది మీ బిడ్డకు చెప్పను’ అన్నది.

వాపసు వచ్చేటప్పుడు దారిల పెట్రోల్ బంకుల ఆగి మీ అంకుల్ వేడి చిప్స్ తెచ్చిండు, పిల్లకు ఇష్టమని. తినలె. చల్లారినయి. కొండ ఎక్కుతుంటే ఆయననే అన్నడు, తెలుగుల, ‘సింధూ, నిన్ను ఆపుదామనే చెప్పిన నేను. నీకు తెలుసు.’ పిల్ల కిటికీ దిక్కు తిరిగింది. ‘ఆ మేడం గూడ ఏజెంటు తీరు మాట్లాడుతదని అనుకున్న. మాట్లాడలె’ అన్నడు.

కొన్ని దినాలు పిల్ల రూంల నుంచి బయటికి రాలె. అన్నం పెట్టి తలుపు కొట్టి వచ్చేదాన్ని. దవాఖానల నా పక్కన పనిచేసే ఫిజీ ఆమె ఒకామె ఉంది, ఆళ్ల తాతలు మన తెలుగోళ్లే, చెరుకు తోటలకు పోయినోళ్లు. ఆమెతోని చెప్పుకొని ఏడ్చిన. ఆమె అన్నది, ‘సిస్టర్, పిల్ల కోపంల ఉన్నది గని ఇంట్లనే ఉన్నది గద’ అని. అది నాకు ధైర్యమయింది.

ఒకనాడు పొద్దుగాల లేసి చూస్తే మీ అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకొని, కొత్త బూట్లు ఏసుకొని, పిల్ల తలుపు ముంగట నిలవడ్డడు. ‘లే. పరీక్షకు ఊపిరి గట్టిగుండాలె గద, ఉరుకుదాం పా’ అంటున్నడు. నేను వంటింట్ల నుంచే చూసిన. తలుపు తెరుచుకోలె. ఆయన ఆడనే నిలవడ్డడు. మళ్ల కొట్టలె, పిలువలె. కొద్దిసేపటికి పిల్ల బయటికొచ్చింది, షూస్ ఏసుకొనే వచ్చింది. తండ్రి దిక్కు చూడకుంట ముందల నడిచింది. ఈయన ఎనక.

ఇగ రోజూ గదే. మొదట్ల ఈయన వీధి మూల దాక పోయి, ఆయాసపడి, ఇంటికొచ్చి కారు తీస్కొని పోయేటోడు ఎనక. ఈ ఊర్ల ఎవ్వలు నడువరాయె, అందరికి కార్లే. పక్కింటాయన అడిగిండు, నీ బిడ్డ తప్పు చేసిందా, కార్లెందుకు ఎక్కించుకుంటలేవు అని. మెల్లమెల్లగ ఈయన గూడ కొండ అంచు దాక ఉరుకుడు షురూ చేసిండు. ఉరుకుడు అంటే... నడుచుడు కంటే కొంచెం ఎక్కువ, అనుకో. వచ్చేటప్పుడు ఇద్దరు మాట్లాడుకుంట వచ్చేటోళ్లు. ఏం మాట్లాడుకున్నరో నేను అడగలె. తిరుపతి ముచ్చట మొత్తం చెప్పిండట, మేకలు కాసిన దాక. పిల్లకు అంతవరకు తెల్వదు. ఒకనాడు చిన్నాయినకు అదే ఫోన్ చేసింది, వచ్చీరాని తెలుగుల. ఆయన చానాసేపు మాట్లాడిండు అఖిలా. మా మరిది అంతసేపు ఫోన్ల మాట్లాడుడు నేను అంతకుముందు ఎరుగ.

ఇగ పరీక్ష. గొట్టంల ఊదిపిస్తరు. అటెన్క ఏదో మందు పీల్పిస్తరు, ఆయాసమున్నోళ్లకైతే అది పడదు, ఛాతి పట్టేస్తది. నేను బయట కూసున్న. నర్సునే గద, లోపల ఏం జరుగుతదో అంతా తెలుసు, తెలుసుడే కష్టం. లోపలికెంచి ఊదే సప్పుడు వస్తుంటే నేను గూడ బయట ఊదుతున్న, నాకు తెల్వకుంటనే. మీ అంకుల్ కూసోలేక కారు కడగనీకె పోయిండు.

మంచిగొచ్చింది. ఏం లేదన్నరు. అయినా ఆర్మీ డాక్టర్లు మళ్ల చూడాలె, మళ్ల ఎదురుచూసుడు. నేను డ్యూటీల ఉన్నప్పుడు పిల్లకు ఫోన్ వచ్చింది, తీసుకుంటున్నమని. పిల్ల చెప్పనీకె దవాఖాన కార్ పార్కుల దాక వచ్చింది. యూనిఫాం మీదనే ఉరికిన. పిల్ల నన్ను పట్టుకొని ఏడ్చింది, నేను పట్టుకొని ఏడ్చిన. అటు పోయేటోళ్లు పాపం ఎవరో పోయిన్రనుకున్నట్టున్నరు, ఒకాయన వచ్చి టిష్యూలు ఇచ్చిపోయిండు.

చేరే దినం మళ్ల బ్రిస్బేన్ పోయినం. ఒక హాలుల నిలవెట్టిన్రు పిల్లలను. తెల్లపిల్లలు, చైనా పిల్లలు, ఇక్కడి ఆదివాసి, ఆబొరిజినల్ పిల్లగాడొకడు వాళ్లమ్మమ్మతోని వచ్చిండు, మన సింధు. అందరి తల్లులు ఒక్కతీరుగనే ఉన్నరు, బ్యాగు గట్టిగ పట్టుకొని. ప్రమాణం చేసిన్రు. మా పిల్ల గొంతు నాకు వేరేగ ఇనవడ్డది.

కెర్రీ మా దగ్గరికొచ్చింది. మీ అంకుల్ చెయ్యి కలిపిండు, థ్యాంక్యూ అన్నడు. ఆమె నాతోని ఒకటి చెప్పింది. ‘ఆడ మొదట్ల ఫోన్ చేతికియ్యరు. ఇచ్చినంక ఒకనాడు ఏడ్చుకుంట చేస్తది. వచ్చేయమనకండ్రి, రావద్దనకండ్రి. ఏం తిన్నవని అడుగుండ్రి’ అన్నది.

వాగావాగా అనే ఊరి దగ్గర ట్రైనింగ్. ఇల్లు బోసిపోయింది. మీ అంకుల్ ఒక్కడే పొద్దుగాల పోతుండె ఉరుకనీకె. వచ్చిందమ్మా ఆ ఫోన్, ఆదివారం. హలో గూడ లేదు. ‘అమ్మా’ అన్నది. మమ్ అనలె, అమ్మా అన్నది. ‘నాతోని అయితలేదు. కాళ్లు పుండ్లయినయి. అందరి ముంగట అరుస్తరు. ఐ వాంట్ టు కమ్ హోమ్.’ నా నోట్లకు వచ్చింది, వచ్చెయ్యి బిడ్డా అని. పెదవి కొరుక్కున్న. మీ అంకుల్ ఎదురుంగ నిలవడి నా మొఖం చూస్తున్నడు. ‘ఏం తిన్నవు బిడ్డా?’ అని అడిగిన.

‘ల్యాంబ్. పొటాటోస్. కారం లేదు అమ్మా, దేంట్ల కారం లేదు’ అన్నది. అని నవ్వింది, ముక్కు ఎగవీల్చుకుంట. పక్క మంచం పిల్ల టాస్మేనియా పిల్లంట, ఆ పిల్ల బొబ్బలకు ఎట్ల పట్టీ ఏస్తదో చెప్పింది. బెడ్‌షీటు ఎట్ల మడుస్తరో చెప్పింది. ఇంటికొచ్చే ముచ్చట మళ్ల తీయలె. ఫోన్ పెట్టేసినంక మీ అంకుల్, ‘కారం పంపనిస్తరేమో అడుగుదామా’ అన్నడు.

ఆఖరికి పరేడ్. పోయినం. ఎండల మైదానం, అందరివి ఒక్క తీరు టోపీలు, ఒక్క తీరు అడుగులు. నా బిడ్డ ఏదో గుర్తువట్టరాలె నాకు. భయమయింది, కన్నతల్లికి తెల్వదా అని. మీ అంకుల్‌కు గూడ తెల్వలె. ఇద్దరం వేరే వేరే పిల్లలను చూయించుకుంటున్నం, అదో అదో అని. పరేడ్ ఒడిసినంక ఎనకకెంచి వచ్చి భుజం మీద చెయ్యేసింది. మేము చూసిన ఇద్దరూ కాదు. నల్లవడ్డది, బక్కగయింది, నిటారుగ నిలవడ్డది. మీ అంకుల్ కిందికెంచి మీదికి చూసి, ‘మంచిగున్నవు’ అన్నడు. తెలుగుల గా ఒక్క మాటనే. పిల్లకు చాలింది.

ఇప్పుడు టౌన్స్‌విల్‌ల ఉంది, హెలికాప్టర్ల పనిలనే. చేతులకు నూనె మరకలతోని వీడియో కాల్ చేస్తది, తండ్రికి ఏదో ఇంజన్ పార్టు చూపెడ్తది, ఇద్దరు గంట మాట్లాడుకుంటరు, నన్ను కెమెరాల గూడ రానియ్యరు. భయం లేదా అంటే, ఉంది. టీవీల యుద్ధం వార్తలొస్తే నేను లేసి వంటింట్లకు వస్త. అది పోదు, పోతదని నీకు అబద్ధం చెప్ప. భయముంటది, దానితోని పాటు సంబురం గూడ ఉంటది. రెండూ ఒక్క ఇంట్లనే ఉంటయి.

మొన్న మెల్‌బోర్న్ క్లైడ్ నార్త్ నుంచి ఒకాయన ఫోన్ చేసిండు మీ అంకుల్‌కు. కర్నూలు ఆయన, సాయిబుల ఇల్లు. కొడుకు నేవీల చేరుతనంటున్నడట, ఇంట్ల తల్లి అన్నం ముడ్తలేదట. పంపాల్నా వద్దా చెప్పన్నా అని అడిగిండు. మీ అంకుల్ పంపు అనలె, వద్దు అనలె. ‘నువ్వు, నీ భార్య, పిల్లగాడు, ముగ్గురు పోండ్రి భాయ్. ఎదురుంగ కూసొని అన్నీ అడుగుండ్రి. మనసుల ఉన్నది దాసుకోకుండ్రి’ అన్నడు. అటెన్క పిల్లగానికి ఫోన్ ఇయ్యమని, పొద్దుగాల ఉరుకుతున్నవా అని అడిగిండు.

అగో, మాటల పడి నీకు చాయ్ గూడ పెట్టలె. నువ్వు గూడ తల్లిగారింటిని ఇడిసి ఇంతదూరం వచ్చినవు, రేపు ఏ దిక్కు పోతవో. ఎటు పోయినా నీ పనిల నువ్వు నిటారుగ నిలవడాలె బిడ్డా, నీ మాట ఇనే మనిషి ఒకరు ఫోన్ అటు దిక్కు ఉండాలె. సల్లగుండు. ఆ... పాలు పొయ్యి మీద పెట్టు, అల్లం ఆ డబ్బాల ఉంటది, అది గాదు, దాని పక్కకున్నది...